పాముల గుట్ట పక్కన పూనకం

న్యూయార్కులో కాఫీ తాగాలన్నా జేబు తడుముకోవాలి. అలాంటి ఊళ్ళో టికెట్టు లేని నాటకమంటే నమ్మబుద్ధి కాలేదు. 2019 జూలైలో ఒక సాయంత్రం హార్లెంలోని మార్కస్ గార్వీ పార్కుకు వెళ్తే నిజంగానే ఎవరూ పైసా అడగలేదు. ముందొచ్చినవాళ్ళకు ముందు బెంచీ, అంతే. నా పక్కన ఒకావిడ ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని కూర్చుంది.

పార్కు నడుమ రాతిగుట్ట. డచ్చివాళ్ళు దీన్ని పాముల గుట్ట అనేవారట. పైన 1850లలో కట్టిన ఇనుప బురుజుంది. ఎక్కడైనా నిప్పంటుకుంటే అక్కణ్ణుంచి చూసి గంట కొట్టేవారు. మరమ్మతులని పైకి పోనివ్వలేదు. ఆరుబయలు రంగస్థలానికి సంగీతకర్త రిచర్డ్ రోడ్జర్స్ పేరు పెట్టారు. చిన్నప్పుడు ఈ పేటలోనే ఉన్నాడాయన, కట్టడానికి డబ్బిచ్చిందీ ఆయనే.

ఆట యూరిపిడీస్ 'బాకై'. క్లాసికల్ థియేటర్ ఆఫ్ హార్లెం ప్రదర్శన. అనుసరణ బ్రయాన్ డోరీస్, దర్శకుడు కార్ల్ కోఫీల్డ్. డయోనైసస్ దేవుడు తల్లి పుట్టిన తీబ్స్ నగరానికొస్తాడు. ఆడవాళ్ళంతా కొండెక్కి ఊగిపోతుంటారు. కుర్ర రాజు పెంథియస్ అదంతా బూటకమని దేవుణ్ణే కట్టేయిస్తాడు. చివరికి తనే ఆడవేషం కట్టి, చెట్టెక్కి చాటుగా చూడబోయి కన్నతల్లి చేతుల్లో ముక్కలవుతాడు.

ఆ ఆడవాళ్ళ ఊగిపోవడాన్ని ఉన్మాదమనీ మూకవెర్రి అనీ రాస్తుంటారు. కోరస్ ఆడుతుంటే నాకు తట్టిన మాట మాత్రం పూనకం. జాతరలో అమ్మవారు పూనినామె జుట్టు విరబోసుకుని వస్తుంటే మా నాయనమ్మ నా తల వంచి "నవ్వకురా" అనేది. పెంథియస్‌కూ తాత కాడ్మస్ చెప్పి చూస్తాడు. వింటేగా!

చావు రంగం మీద కనబడదు, గ్రీకు నాటకాల్లో అది రివాజు. ఒకడొచ్చి చెబుతాడు. అతను నోరు తెరిచాడో లేదో, వీధిలో అంబులెన్సు కూత. నటుడు ఆగలేదు, గొంతు పెంచాడు. నేను గుట్ట మీది చెట్లకేసి చూశాను. టిఫిను డబ్బా ఆవిడా అటే చూస్తోంది.

ఆఖర్న తల్లి అగావే కొడుకు తలను సింహం తలనుకుని మురుస్తూ వస్తుంది. పూనకం దిగాలి. ముసలి తండ్రి కాడ్మస్ ఆమెను తిట్టడు, కదపడు. ముందు ఆకాశంకేసి చూడమంటాడు. బెంచీల మీద చాలా తలలు పైకి లేచాయి. ఏథెన్సులో ఇది పట్టపగలు ఆడిన నాటకం. ఇక్కడ లైట్ల వెలుగులో ఒక్క చుక్కా కనిపించలేదు. విమానమొకటి మెల్లగా కిందికి దిగుతోంది.