పత్తి లారీ పోతే ఎట్ల సార్?

గచ్చిబౌలిలో మా ఆఫీసు నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి బండి మీద పది నిమిషాలు. ట్రాఫిక్ లేకపోతే అనుకోండి. ఐదేళ్లుగా ఆ గేటు ముందు నుంచే తిరుగుతున్నా. కానీ అక్కడి ఫిజిక్స్ వాళ్లు సైన్స్ డే నాడు ల్యాబులు తెరిచి పిల్లలకు చూపిస్తారని నాకు చెప్పింది మాత్రం, ఎక్కడో బోథ్‌లో ఉండే మా చెల్లె.

చెల్లె అంటే మా కాక బిడ్డ. ఆదిలాబాద్‌లో బీఎస్సీ ఫైనలియర్. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తనని పట్టు పట్టింది. కాకకేమో అది నచ్చలేదు. "అది సదివి ఏం జేస్తదిరా? మళ్ల బీఎడ్డే గదా. నువ్వన్న చెప్పి కంప్యూటర్ కోర్సేదన్న పట్టియ్యి" అని ఫోన్ చేసిండు. ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ వాడుంటే ఇలాంటి కేసులన్నీ వాడి దగ్గరికే వస్తాయి. నేను అవుననలేదు, కాదనలేదు. ఒక వారం హైదరాబాద్ పంపమన్నాను.

సీవీ రామన్ తన కాంతి ప్రయోగం ఫలితాన్ని ప్రకటించింది 1928 ఫిబ్రవరి 28న. 1987 నుంచి ఆ తేదీనే జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుతున్నారు. మేం వెళ్లేసరికి స్కూలు యూనిఫాంలతో అంతా జాతరలా ఉంది. ఒకచోట మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో పువ్వును ముంచి తీసి బల్లకు కొడితే గాజులా పగిలింది. పిల్లల కేకలు, మాలాంటి వాళ్ల ఫోన్లు. ఇలాంటివి రీల్స్‌లో చాలా చూశాం కాబట్టి చెల్లె అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు.

ఆమె ఆగింది రాగి గొట్టం దగ్గర. నిలువుగా పట్టుకుని పైనుంచి మామూలు ఇనుప ముక్క వదిలితే టక్కున కింద పడింది. అంతే సైజు అయస్కాంతం వదిలితే మాత్రం తేనెలో దిగినట్టు మెల్లగా దిగింది. రాగికి అయస్కాంతం అంటుకోదు కదా, మరి దాన్ని పట్టుకున్నదెవరు? ఒక పిల్లాడైతే "లోపల జిగురుందా?" అని గొట్టంలో వేలు పెట్టి చూశాడు. అక్కడున్న రీసెర్చ్ స్కాలర్ ఇంగ్లీషులో మొదలుపెట్టి, వాడి మొహం చూసి ఆగింది. అప్పుడు మా చెల్లె అందుకుంది. "జిగురు లేదురా. అయస్కాంతం కదిలితే రాగిల కరెంటు పుడ్తది. ఆ కరెంటే ఇంకో అయస్కాంతం లెక్క తయారై, దీన్ని ఉరకనియ్యదు. మీ ఇంట్ల పాత కరెంటు మీటర్ల పళ్లెం తిరుగుతది సూడు, దానికి బ్రేకు గిదే." పిల్లాడు ఇంకో ఇద్దర్ని లాక్కొచ్చాడు. మళ్లీ చెప్పింది. అరగంట అక్కడే గడిచింది.

ఫిజిక్స్ వాళ్లు జనాన్ని పిలవడం మన దగ్గర సరే, పిలిచినా రానివాళ్ల కథ కూడా ఒకటుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా ఆ దారిలో ఉందని ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో పరికరాలు మోసుకుని అక్కడికి వచ్చారు. మన జనం మాత్రం చాలామంది తలుపులేసుకుని ఇంట్లో కూర్చున్నారు. ఆ రోజు బర్రెల్ని కూడా బయటికి తోలలేదని మా నాయనమ్మ ఇప్పటికీ చెప్తది.

ఆ వారంలోనే ఇంకో సంస్థలో ఒక రీసెర్చ్ టాక్ ఉందని తెలిసి వెళ్లాం. విషయం గురుత్వ తరంగాలు. మా టెక్ మీటప్పుల్లో స్పీకర్ చివరికి ఏదో ఒకటి అమ్ముతాడు. ఇక్కడ అమ్మేదేం లేదు, అదొక సుఖం. ఇంగ్లీషు, ఈక్వేషన్లు, గ్రాఫులు. పదో నిమిషంలోనే నా చేతిలో నుంచి జారిపోయింది, చెల్లె మాత్రం రాసుకుంటూనే ఉంది. నాకు అర్థమైంది ఇంతే. 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు బ్లాక్‌హోల్స్ ఢీకొన్నాయి. ఆ అల 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో పరికరాలను తాకింది. నాలుగు కిలోమీటర్ల గొట్టం పొడవులో వచ్చిన తేడా ప్రోటాన్ వెడల్పులో నూరో వంతు కూడా లేదు.

ప్రశ్నలు అడగమన్నారు. చెల్లె నా మోచేయి గిల్లింది. "నువ్వు ఇంగ్లీషుల అడుగన్నా." ఆమెకు ఇంగ్లీషు రాక కాదు, ప్రశ్న పుట్టింది తెలుగులో. అట్లనే అడగమన్నాను. లేచి నిలబడి, "సార్, మా బోథ్‌ల పత్తి లారీ పోతే ఇంట్ల గిన్నెలు కదుల్తయి. గంత చిన్న తేడా లారీదా, బ్లాక్‌హోల్‌దా ఎట్ల తెలుస్తది?" అంది. హాల్లో కొందరు నవ్వారు. ఎవరో ముందు వరుసలోంచి ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు.

స్పీకర్ నవ్వలేదు. స్లైడ్లు పక్కన పెట్టి బోర్డు దగ్గరికి వెళ్లాడు. లివింగ్‌స్టన్‌లోని పరికరానికి రైళ్లు, చుట్టుపక్కల అడవిలో చెట్లు కొట్టడం పెద్ద తలనొప్పేనని చెప్పాడు. అందుకే 40 కిలోల అద్దాల్ని ఒకదాని కింద ఒకటిగా నాలుగు లోలకాలకు వేలాడదీస్తారు. పైన ఎంత ఊగినా కిందికి వచ్చేసరికి ఊపు చచ్చిపోతుంది. అయినా మిగిలితే? మూడు వేల కిలోమీటర్ల అవతల హాన్‌ఫర్డ్‌లో ఇంకో పరికరం ఉంది. ఒక ఊళ్లో పోయిన లారీ రెండో ఊళ్లో కనబడదు. ఆ రోజు అల మాత్రం రెండుచోట్లా, ఏడు మిల్లీ సెకన్ల తేడాతో, ఒకే ఆకారంలో కనిపించింది. ఆ గంట మొత్తంలో నాకు పూర్తిగా అర్థమైన ఐదు నిమిషాలు అవే. నవ్విన వాళ్లలో కూడా ఇద్దరు నోట్సు తీసి రాసుకోవడం చూశాను.

చివర్లో ఆయన ఇంకో మాట అన్నాడు. అలాంటిదే ఒకటి ఇండియాలో కడుతున్నారు, మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర. 2023లో కేంద్రం 2,600 కోట్లతో ఆమోదించింది. చెల్లె వెంటనే ఫోన్లో మ్యాప్ తీసింది. గీత గీసి చూస్తే బోథ్‌కు హైదరాబాద్ కంటే ఔంఢానే దగ్గర! అది జ్యోతిర్లింగం ఉన్న ఊరు, కాక ఒకసారి దర్శనానికి కూడా పోయొచ్చిండు.

ఊరికి పోయాక ఏసీ మెకానిక్ దగ్గర మూరెడు రాగి పైపు ముక్క అడిగి తెచ్చుకుందట. ఆన్‌లైన్‌లో చిన్న అయస్కాంతం తెప్పించింది. ఆదివారం వీడియో కాల్ చేసి ఫోన్ గోడకు ఆనించింది. కాక పైపు చేతిలో పట్టుకుని అయస్కాంతం వదిలిండు. కింద చెయ్యి పెట్టి చూసిండు. మళ్లీ వదిలిండు. పైపును వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసుకుని లోపలికి చూసిండు.

"లోపల ఏం పెట్టినవే?"

"ఏం లేదు బాపు."

మూడోసారి కూడా వదిలి, అది చేతిలో పడేదాకా ఆగిండు. తర్వాత ఫోన్ వైపు తిరిగి నన్నడిగిండు.

"గా ఎమ్మెస్సీకి ఫీజెంతనట్రా?"