తెలీబంధా గట్టున రెండో ఇన్నింగ్స్

కుంచె వదిలేసిన నాలుగు దశాబ్దాలకు రాయపూర్ చెరువు ఒడ్డున ఒక రిటైర్డ్ గుమాస్తాకు మళ్లీ రంగులు దొరికాయి. ఈసారి అవి గాజు పలక మీద ఉన్నాయి.

రాయపూర్‌కు సముద్రం లేదు. కానీ మెరైన్ డ్రైవ్ ఉంది. తెలీబంధా చెరువు ఒడ్డున వేసిన నడకదారికి జనం పెట్టుకున్న పేరది. ముంబయి చూసినవాళ్లు మొదట నవ్వుతారు. దీపాలు వెలిగాక వస్తే మాత్రం కాసేపు కూర్చుని వెళతారు. ఒకపక్క గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు హోరు, మరోపక్క నిలకడగా నీళ్లు. 2016లో నిలిపిన 82 మీటర్ల స్తంభం మీద జాతీయ జెండా. దాని కింద చాట్ బళ్లు, సెల్ఫీల సందడి.

పేరు కొంచెం విడదీస్తే తెలుగువారికి ఈ ఊరు పరాయిది కాదనిపిస్తుంది. తేలీ అంటే గానుగ ఆడించి నూనె తీసేవారు. మన తెలికులవారిది అదే వృత్తి. బంధా అంటే కట్ట వేసి నిలిపిన నీరు. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో చిన్న చెరువును ఇప్పటికీ బంద అనే అంటారు.

మనవాళ్లు ఇక్కడికి ఎక్కువగా పట్టాల మీదే వచ్చారు. విజయనగరం-రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. 1959లో భిలాయిలో ఉక్కు కొలిమి రాజుకుంది. కూలీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు బండెక్కారు. 1979లో నేనూ ఎక్కాను, రైల్వే లెక్కల విభాగంలో ఉద్యోగానికి. మాది నౌపడ పక్కన పల్లె. ఉప్పు మడులు, వాటి మీదుగా పర్లాకిమిడి వైపు వెళ్లే చిన్న రైలు మా బాల్యం. తెలీబంధాలో ఇల్లు అద్దెకు తీసుకున్న మొదటి వారమే అలాంటి కూత వినిపించింది. చూస్తే అచ్చం అదే బండి. రాయపూర్ నుంచి ధమ్తరి పోయేది. రెండు లైన్లూ 1900లోనే మొదలయ్యాయి. రెండింటికీ పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే.

నౌపడ చిన్న రైలు 2004లో ఆగిపోయింది. ఆ దారిలో తర్వాత బ్రాడ్‌గేజ్ వచ్చింది. రాయపూర్-తెలీబంధా ముక్క 2017లో మూతపడింది. పట్టాలు పీకిన చోట ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లు దూసుకుపోతున్నాయి. నేను ఉద్యోగ విరమణ చేసింది కూడా 2017లోనే. నేనూ, ఆ బండీ ఒకే ఏడాది రిటైరయ్యామని మా ఆవిడ పదిమందికీ చెబుతుంటుంది.

బొమ్మల సంగతి అంతకంటే పాతది. హైస్కూల్లో మా డ్రాయింగ్ మాస్టారు శ్రీకాకుళం బిడ్డ వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలు గోడకు అంటించి, చూసి గీయమనేవారు. 'యువ', 'చందమామ' అట్టలు చూసి నేను గీసిన బొమ్మలు ఒక ట్రంకు పెట్టెకు సరిపోయేవి. ఉద్యోగం వచ్చాక కుంచె ఎండిపోయింది. ఎవరూ మానమనలేదు. క్వార్టర్స్‌లో చోటు లేదు, నెలాఖరుకు డబ్బు లేదు, చిత్తు లెక్కలు తప్ప చేతికి వేరే పని లేదు.

రిటైరయ్యాక కొత్త అడ్డంకి వచ్చింది. చేతి వణుకు. వాటర్ కలర్ కాగితం మీద పడిన మచ్చను వెనక్కి తీసుకోదు. రెండు మూడు కాగితాలు పాడయ్యాక పెట్టె మళ్లీ మూసేశాను. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి ఒక టాబ్లెట్, దానితో ఒక స్టైలస్ పంపింది. కృత అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా తనే ఎక్కించింది. మొదటి నెలంతా దాన్ని వార్తలు చదవడానికే వాడాను.

దారి తెరిచింది కంటి ఆపరేషన్. శుక్లం ముదిరిన కంటి కటకం పసుపు రంగుకు తిరిగి, నీలం కాంతిని అడ్డుకుంటుంది. దాన్ని తీసేస్తే నీలాలు ఒక్కసారిగా ఎగసిపడతాయి. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1923లో ఈ శస్త్రచికిత్స చేయించుకున్నాక తన రంగులను తానే నమ్మలేకపోయాడంటారు. కట్టు విప్పిన మర్నాడు ఉదయం చెరువు చూసినప్పుడు నాకూ అదే పరిస్థితి. ఇన్నేళ్లూ బూడిద రంగనుకున్న నీళ్లలో ఇంత నీలం ఉందా అనిపించింది. అది ఎవరికైనా చూపించాలి. దగ్గర ఉన్నది టాబ్లెట్ ఒక్కటే.

తెర మీద బొమ్మ వేయడం గురించి తెలియనివారికి ఒక మాట. ఇందులో యంత్రం దానంతట అది గీసేదేమీ లేదు. స్టైలస్ గట్టిగా నొక్కితే గీత లావు, తేలిగ్గా నొక్కితే సన్నం. వణుకును కొంత సర్దే స్టెబిలైజర్ అనే సదుపాయం ఉంటుంది. అసలు మహిమ లేయర్లది. పారదర్శకమైన కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ఆకాశం ఒక పొర, నీళ్లు ఒక పొర, మనుషులు ఒక పొర. ఒకటి చెడితే మిగతావి చెడవు. వద్దనుకున్న గీతను వెనక్కి తీసుకోవచ్చు. నలభై ఏళ్లు ఎర్రసిరాతో కొట్టివేతలు సరిచూసినవాడికి ఇది ఎంత విలాసమో ఊహించుకోండి.

ఈ బాటలో నడిచినవారు తక్కువేమీ కాదు. అమెరికాలో హాల్ లాస్కో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. చూపు మందగించాక మైక్రోసాఫ్ట్ పెయింట్‌లో తెరను బాగా పెద్దది చేసుకుని, ఒక్కో చుక్కా పేర్చుకుంటూ చిత్రాలు వేశాడు. 2014లో 98వ ఏట కన్నుమూశాడు. జపాన్‌లో తత్సుఓ హోరియుచి ఉద్యోగం ముగిసే వేళకు కంప్యూటర్ కొన్నాడు. బొమ్మల సాఫ్ట్‌వేర్‌కు డబ్బు దండగ అనుకుని, లెక్కలు వేసుకునే ఎక్సెల్‌లోనే కొండలు, చెర్రీ పూలు వేయడం మొదలుపెట్టాడు. 2006లో ఎక్సెల్ చిత్రాల పోటీలో గెలిచాడు. లెక్కల గుమాస్తాగా ఆయనంటే నాకు ప్రత్యేక అభిమానం. ఇక బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ సంగతి వేరు. ఆయన ఎన్నడూ రిటైర్ కాలేదు. కానీ 2020లో 80 దాటిన వయసులో, నార్మండీలో వసంతాన్ని ఐప్యాడ్ మీదే వేశాడు. అందులో 116 చిత్రాలు మరుసటి ఏడాది లండన్ రాయల్ అకాడమీలో వేలాడాయి.

అయినా ఇది చిత్రకళేనా అని అడిగేవారున్నారు. మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్ వాదన సూటిగా ఉంటుంది: "చేతికి రంగు అంటని బొమ్మ ఏం బొమ్మండీ?" ఆయన మాటను కొట్టిపారేయలేను. తడి కాగితం మీద రంగు తన ఇష్టం వచ్చినట్టు పాకుతుంది. ఆ ప్రమాదంలోనే అందం ఉంది. తెర మీద ఆ ప్రమాదం లేదు, కాబట్టి ఎక్కడ ఆపాలో తెలియదు. సవరించుకుంటూ పోతే బొమ్మకు ప్రాణం పోతుంది. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. గట్టు మీద కూర్చుని వేసినదాన్ని ఇంటికొచ్చి దిద్దను.

అచ్చు వేయించినప్పుడు ఇంకో పాఠం. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులతో వెలుగుతుంది. కాగితం మీద సిరా వెలుగును మింగుతుంది. నా నీలం చెరువు కాస్త మసకబారి బయటికొచ్చింది. ఆ కాగితాన్నే శనగలు అమ్మే బండి అతనికి ఇచ్చాను. అందులో అతని బండి ఉంది మరి. చాలాసేపు చూసి, "ఏ త మోర్ ఠేలా ఆయ్, బాబూజీ" అన్నాడు. ఇది నా బండే అని. నలభై ఏళ్లు ఈ ఊళ్లో ఉన్నా, ఛత్తీస్‌గఢీలో నాతో ఒకరు అంత ఆప్యాయంగా మాట్లాడటం అదే మొదటిసారి.

కళ మీద ఆసక్తితో రాయపూర్ వచ్చేవారికి చూడదగ్గవి చాలానే ఉన్నాయి. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖపట్నం వందేభారత్ ఇటుగానే తిరుగుతోంది. 1875లో మొదలైన మహంత్ ఘాసీదాస్ మ్యూజియంలో సిర్పూర్ కంచు విగ్రహాలు చూడాలి. నవా రాయపూర్‌లోని పుర్‌ఖౌతీ ముక్తాంగణ్‌లో బస్తర్ కళ ఆరుబయటే కనిపిస్తుంది. ఓపిక ఉంటే ఖైరాగఢ్ వెళ్లండి. అక్కడి ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం 1956 నుంచి సంగీతం, చిత్రలేఖనం నేర్పుతోంది. తెలీబంధాకు మాత్రం తెల్లవారుజామునే రండి. సాయంత్రం జనం కనిపిస్తారు, పొద్దున చెరువు కనిపిస్తుంది.

ప్రస్తుతం నా తెర మీద ఉన్నది చిన్న రైలు. అది నడిచినన్నాళ్లూ నేను ఒక్క ఫొటో తీయలేదు. రోజూ వెళ్లే బండికి ఫొటో ఎవరు తీస్తారు? జ్ఞాపకం మీదే వేస్తుంటే, నడకకు వచ్చేవాళ్లు ఒక్కొక్కరే భుజం మీంచి తొంగిచూడటం మొదలుపెట్టారు. గేటు దగ్గర ఆగిన సైకిళ్లు ఏవని ఒకరు అడిగారు. కిటికీలో కూరగాయల గంపలు ఉండాలని మరొకామె చెప్పింది. చెట్టు పట్టాలకు ఎడమవైపా, కుడివైపా అన్న దగ్గర ఇద్దరు పెద్దమనుషులు మాట మాట అనుకున్నారు.

ఎవరిది నిజమో తేల్చే శక్తి నాకు లేదు. అందుకని ఒక్కొక్కరి జ్ఞాపకానికి ఒక్కో లేయర్ ఇచ్చాను. ఇప్పటికి పదకొండయ్యాయి. ఎడమవైపు చెట్టు కావాలన్నాయన వచ్చినప్పుడు ఆ పొర తెరుస్తాను, కుడివైపు ఆయన వచ్చినప్పుడు ఇది మూసి అది తెరుస్తాను. అన్నీ తెరిచి ఉంచితే బండి కాస్త కిక్కిరిసినట్టుంటుంది. నిజానికి అది ఎప్పుడూ అలాగే ఉండేది.