దిగులు, మతిమరుపు, మెదడు స్కానింగ్

“మా నాయన అన్నీ మర్చిపోతున్నడు సార్, మెదడు స్కానింగ్ రాయండి.” బోధన్ వైపు నుంచి నిజామాబాదు వచ్చే కుటుంబాల నోట ఈ మాట నేను తరచు వింటుంటాను. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఉన్నట్టుండి పని పోయిన మనిషికి దిగులు పట్టడంలో వింతేముంది? ఆ దిగులు ముదిరితే మతిమరుపులా కనిపించవచ్చు.

“దిగులున్నవారి మెదడు వేరుగా పనిచేస్తుంది” అని మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఆ మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

చెరుకు తోటనే తీసుకోండి. నిజాంసాగర్ నీరు అందే మడిలో యూరియా వేస్తే గడలు బలుస్తాయి. నీరందని మడిలో అదే యూరియా అంతగా పనిచేయదు. అంటే యూరియా ఫలితం నీటిని బట్టి మారుతుందన్నమాట. శాస్త్రజ్ఞులు దీన్నే ‘ఇంటరాక్షన్’ అంటారు. జ్ఞాపకం సంగతీ ఇంతే. దిగులు మనిషికి సంతోషపు మాటలకంటే విచారపు మాటలు బాగా గుర్తుంటాయి. దిగులు లేనివారిలో ఆ మొగ్గు కనిపించదు.

అయితే ఇక్కడొక చిక్కుంది. ఒక మడిలో తేడా స్పష్టంగా తేలి, రెండో మడిలో తేలనంత మాత్రాన రెండు మడులూ వేరని తీర్పు చెప్పకూడదు. ఈ తేడాను ఆ తేడాతో నేరుగా పోల్చి చూడాలి. 2011లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మెదడు పరిశోధనలను తిరగేసి చూస్తే, ఈ పోలిక అవసరమైన 157 వ్యాసాల్లో 79 ఆ పని సరిగా చేయలేదని తేలింది! పైగా అవన్నీ గుంపుల సగటు లెక్కలు. మీ నాన్నగారి ఒక్క స్కాన్ చూసి ఆయన దిగులును ఎవరూ చదవలేరు.

స్కానింగ్ అనవసరమని కాదు. గడ్డ, రక్తస్రావం, పక్షవాతం వంటివి అందులో బయటపడతాయి. హఠాత్తుగా మాట తడబడినా, కాలూ చేయీ పడిపోయినా క్షణం ఆలస్యం చేయకండి. లేకుంటే ముందు ఇవి గమనించండి: నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? మునుపు ఇష్టమైన వాటిమీద ఇప్పుడు ఆసక్తి ఉందా? థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి. దిగులే కారణమైతే వైద్యంతో చాలామందికి జ్ఞాపకశక్తి మెరుగవుతుంది. దిగులు తగ్గినా మరుపు తగ్గకపోతే మళ్లీ డాక్టరుకు చూపించండి.

“నేనుండి ఏం లాభం” అని పెద్దాయన అంటే చాదస్తమని కొట్టిపారేయకండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బు కట్టనక్కరలేదు. స్కానింగ్ సెంటరుకు తీసుకువెళ్లే ముందు ఆయన పక్కన కూర్చుని, మనసులో ఏముందో ఒక్కసారి అడగండి.