మన రంగు ఏది?



మొన్న ఆగస్టు 15న మా మందిరం ముందు జెండా ఎగరేశాము. పిల్లలకు చాక్లెట్లు పంచుతుంటే అయిదో తరగతి చదివే మా సండే స్కూలు అబ్బాయి ఒకడు దగ్గరికొచ్చి, "అయ్యగారూ, ఇందులో మన రంగు ఏది?" అని అడిగాడు. తోటి పిల్లలు పైరంగు మాదంటే మాదని, కింది రంగు ఫలానావాళ్లదని పంచేసుకున్నారట. వీడికేమీ మిగల్లేదు. నేను ఆలోచించకుండా "తెలుపు మనదిరా" అనేశాను. వాడు సంతోషంగా వెళ్లిపోయాడు. నాకే ఆ మాట రాత్రంతా గుచ్చుకుంది.

నేను అన్నది పూర్తిగా గాలిమాట కాదు. మన కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు 1916లోనే దేశానికి జెండా ఎలా ఉండాలో నమూనాలు గీసి పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశం జరిగినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న జెండా గాంధీగారి కోసం తయారుచేశారు. ఎరుపు హిందువులకు, పచ్చ ముస్లిములకు గుర్తు. మిగిలిన మతాలవారి కోసం తెలుపు కూడా ఉండాలని గాంధీగారు కోరారు. ఆ 'మిగిలినవారి'లో మనమూ ఉన్నాము.

కాని ఆ లెక్క పదేళ్లకే మారిపోయింది. ఒక్కో మతానికి ఒక్కో రంగు అనేసరికి, మా రంగూ చేర్చండని సిక్కులు అడిగారు. అడగడం న్యాయమే. అయితే ఇలా పంచుకుంటూ పోతే గుడ్డ చాలుతుందా? 1931లో కాంగ్రెసు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులతో జెండాను ఖాయం చేసి, ఈ రంగులు మతాలకు గుర్తులు కావు, గుణాలకు గుర్తులని తేల్చి చెప్పింది. కాషాయం ధైర్యానికి, త్యాగానికి. తెలుపు సత్యానికి, శాంతికి. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూగారు ఇప్పటి జెండాను ప్రతిపాదిస్తూ, ఇందులో ఏ మతానికీ వాటా లేదనే అర్థం వచ్చేలా మాట్లాడారు. రాట్నం స్థానంలో ఇరవై నాలుగు ఆకుల అశోక చక్రం వచ్చింది. అదే రోజు రాధాకృష్ణన్ గారు పచ్చరంగుకు చెప్పిన అర్థం నాకెంతో ఇష్టం. అది నేలతో మనకున్న సంబంధమట, ప్రాణులన్నీ ఆధారపడిన పచ్చని మొక్కతో ఉన్న సంబంధమట.

రంగులను మనుషులకు పంచిన జెండా ఐర్లాండుది. 1848లో థామస్ ఫ్రాన్సిస్ మాహర్ అనే నాయకుడు ఆ జెండాను జనం ముందుకు తెచ్చాడు. పచ్చ కాథలిక్కులకు, నారింజ ప్రొటెస్టెంట్లకు. నడుమనున్న తెలుపు ఎవరి వాటా కాదు, ఆ ఇద్దరి మధ్య ఉండవలసిన సమాధానం. ఇద్దరూ క్రీస్తు పేరు చెప్పుకునేవారే. అయినా ఆ నేలమీద వారి మధ్య ఎంతో రక్తం చిందింది. గుడ్డమీద తెలుపు ఉన్నంతమాత్రాన గుండెలో సమాధానం రాదు.

దేవుని బిడ్డలారా, ఆ రాత్రి నన్ను గుచ్చింది ఇదే. "మన రంగు ఏది" అనే ప్రశ్న ఆ బిడ్డకు బడిలోనే అలవడిందా? మా మందిరంలో ఈ పేటవాళ్లు కుడివైపు, ఆ పేటవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. పదకొండేళ్లుగా చూస్తూ ఒక్క మాట అనలేదు. ప్రభువు బల్ల దగ్గర కూడా ముందు ఒక వరస, తర్వాత ఒక వరస. సంఖ్యాకాండము రెండో అధ్యాయంలో ఇశ్రాయేలు గోత్రాలు తమ తమ ధ్వజాల దగ్గర దిగారు. నిజమే. కాని అందరి గుడారాలూ మధ్యనున్న ప్రత్యక్షపు గుడారానికి ఎదురుగానే ఉన్నాయి. మనం ధ్వజాలు ఉంచుకుని, మధ్యనున్న ఆయనకు వీపు తిప్పాము.

మరుసటి ఆదివారం ఆ అబ్బాయిని పిలిచి, "మొన్న నేను తప్పు చెప్పాను నాన్నా, మూడూ మనవే, మూడూ అందరివీ" అన్నాను. పచ్చరంగు సంగతి చెబితే వాడి ముఖం వెలిగింది. "అయితే మా అమ్మ వేసే నాట్లు కూడా అందులో ఉన్నట్టేనా అయ్యగారూ?" అన్నాడు. ఉన్నట్టేనన్నాను.

తర్వాత సంఘం ముందు నిలబడి నా తప్పు ఒప్పుకుని, ఇకనుండి కలిసి కూర్చుందామని అడిగాను. ఆ రోజు మూడు కుటుంబాలు లేచి అటువైపు వెళ్లాయి. మిగిలినవారు తలలు వంచుకుని ఉన్నచోటే ఉండిపోయారు. వారికోసం, అంతకంటే ముందు నాకోసం, ప్రార్థన చేయండి.

సమాధానకర్తయగు దేవుడు మీ అందరికీ తోడైయుండును గాక. ఆమేన్.