ఒక్క రేడియో, రెండు హిస్సాలు

రేడియో ఒక్కటే. వినేవాళ్లు ఇద్దరు. ఒకరు మా భాయ్‌జాన్, ఇంకొకరు మా ఆయన. భాయ్‌జాన్‌కి కారు, మా ఆయనకి బోటు. 2005 నుంచి మూడేళ్లకు పైగా ఆ అరచేతి డబ్బా మా రెండిళ్ల మధ్య తిరిగింది. దాని గురించి రాయమని మా ఖాలా కూతురు ఎప్పట్నుంచో అడుగుతోంది. నవ్వుకోవడానికే అడుగుతోందని తెలుసు. నవ్వుకునేవి ఉన్నాయి. వాటి వెనక ఒక హక్ సంగతి కూడా ఉంది. రెండూ రాస్తాను.

ముందు ఆ డబ్బా ఏమిటో చెప్పాలి. అప్పట్లో అమెరికాలో శాటిలైట్ రేడియో కంపెనీలు రెండు: ఎక్స్‌ఎమ్, సిరియస్. 2008లో రెండూ కలిసిపోయాయి. ఎక్స్‌ఎమ్ ప్రసారాలు 2001 సెప్టెంబర్ 12న మొదలవ్వాల్సి ఉండగా, ముందు రోజు జరిగిన ఘోరం వల్ల ఆగిపోయి 25న మొదలయ్యాయి. మొదలైనప్పుడు దానికి భూమధ్యరేఖ మీద సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున రెండు ఉపగ్రహాలు ఉండేవి. వాటి పేర్లు రాక్, రోల్. మామూలు ఎఫ్ఎమ్ స్టేషన్ ఊరు దాటితే గరగరలాడి పోతుంది. ఇది అలా కాదు. ఆకాశం కనపడితే చాలు, పాట తెగదు.

భాయ్‌జాన్‌కి అదే కావాలి. ఆయన ఇల్లు హ్యూస్టన్‌కి ఉత్తరాన స్ప్రింగ్‌లో, ఉద్యోగం డాలస్‌లో. సోమవారం ఫజ్ర్ చదివి బయల్దేరితే మళ్లీ గురువారం రాత్రికి ఇల్లు. పోవడానికి మూడున్నర, నాలుగు గంటలు, రావడానికి అంతే. మేము ఉండేది హ్యూస్టన్‌కి దక్షిణాన లీగ్ సిటీలో. మా ఆయనకి గాల్వెస్టన్ బే మీద చేపలు పట్టే పిచ్చి. పాత ఫైబర్‌గ్లాస్ బోటొకటి కొన్నాడు. శనివారం, ఆదివారం నీళ్ల మీదే. ఒడ్డు దూరమయ్యేకొద్దీ ఆయనకీ రేడియో కావాలి. డాలస్, స్ప్రింగ్, లీగ్ సిటీ, గాల్వెస్టన్, అన్నీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. ఐ-45. ఆ రేడియో జిందగీ అంతా ఆ ఒక్క రోడ్డు మీదే గడిచింది.

చందా మనిషికి కాదు, రేడియోకి. ప్రతి సెట్‌కీ దాని నంబర్ ఒకటి ఉంటుంది, ఆ నంబర్ మీద అప్పట్లో నెలకి 12.95 డాలర్లు ఉండేది. రెండు సెట్లు కొంటే రెండు చందాలు. అందుకని తీసి పెట్టుకునే రకం సెట్ ఒకటి సగం సగం వేసుకుని కొన్నారు. కారులో ఒక స్టాండు, బోటులో ఒక స్టాండు. రెండు చోట్లా వైర్లు, యాంటెన్నా అక్కడే ఉంటాయి. డబ్బా మాత్రం తిరుగుతుంది.

మా భాయ్‌జాన్ హిసాబ్ మనిషి. 12.95లో సగం ఎంత? 6.47 మీద ఒక అర సెంటు. ఆ అర సెంటు ఎవరిది? ఒక నెల ఆయన 6.48, మేము 6.47. మరుసటి నెల మేము 6.48, ఆయన 6.47. నవ్వకండి, నోట్‌బుక్‌లో రాసి ఉంది. "హిసాబ్ అంటే హిసాబే ఛోటీ, అర సెంటు అయినా" అనేవారు. ఆ నోట్‌బుక్ మా ఇంట్లో, నా దగ్గరే ఉండేది.

వంతులు కూడా రాసుకున్నాం. శుక్రవారం ఇషా తర్వాత భాయ్‌జాన్, భాభీ, పిల్లలు మా ఇంటికి ఖానాకి వచ్చేటప్పుడు రేడియో తెస్తారు. ఆదివారం రాత్రి మేము స్ప్రింగ్ వెళ్లి ఇచ్చేస్తాం. రెండిళ్ల మధ్య సుమారు యాభై మైళ్లు. రేడియో లేకపోతే వారానికి రెండుసార్లు అంత దూరం ఎవరు పోతారు? భాభీ అనేది, "ఈ డబ్బా మనకి సమధన్ లాంటిది, రాకపోకలు తప్పవు" అని.

ఇలా ఒక వస్తువుని వంతులవారీగా వాడుకోవడానికి మన ఫిఖ్‌లో పేరుంది: ముహాయాత్. హిదాయాలో పంపకాల బాబ్ చివర్లో దీనికి ఒక ఫస్ల్ ఉంది. వస్తువుని కోసి పంచలేనప్పుడు దాని ఫాయిదాని పంచుకోవాలి, రోజుల లెక్కనో, జాగా లెక్కనో. దీనికి ఉలమాలు చెప్పే దలీల్ సాలిహ్ అలైహిస్సలాం ఒంటె సంగతి. నీళ్లు తాగడానికి ఒంటెకి ఒక రోజు, జనానికి ఒక రోజు. ఆ వంతు మాట తప్పిన కౌమ్‌కి ఏమైందో మనకి తెలుసు. ఇది మా ఆయనకి చెప్తే, "అంటే ఆదివారం రాత్రి ఇవ్వకపోతే అజాబ్ వస్తుందా?" అని అడిగాడు. మా భాయ్‌జాన్ కోపం తక్కువ అజాబేమీ కాదన్నాను.

అసలు కష్టాలు బిగించేటప్పుడు వచ్చాయి. కారు పైకప్పు ఇనుముది, యాంటెన్నా కింద అయస్కాంతం ఉంటుంది, పెడితే అతుక్కుంటుంది. ఫైబర్‌గ్లాస్‌కి అయస్కాంతం ఎందుకు అతుక్కుంటుంది? మొదటి అలకే యాంటెన్నా జారి నీళ్లలో పడబోయింది. తర్వాత స్టీరింగ్ పైన గొడుగు రేకు మీద ఒక పట్టీ బిగించి, అడ్డం లేకుండా ఆకాశం కనపడేలా పెట్టాడు. కారులో తలనొప్పి వేరు. ఆ సెట్ ఎఫ్ఎమ్‌లో ఖాళీ చోటు చూసుకుని కారు స్పీకర్లకి పాట పంపుతుంది. హ్యూస్టన్‌లో ఖాళీగా ఉన్న చోట దారిలో ఏదో ఊరి స్టేషన్ కూర్చుని ఉంటుంది. బీబీసీ ఖబర్ల మధ్యలో గిటార్ పాట దూరుతుంది. చివరికి భాయ్‌జాన్ క్యాసెట్ రూపంలో ఉండే అడాప్టర్ కొన్నాక గానీ ఆ తకరార్ తీరలేదు.

ఇక ఉప్పు. సెట్‌కి నీళ్లు పడవు. బే మీద గాలే ఉప్పగా ఉంటుంది. బోటు దిగగానే సెట్ తీసి, దాని వెనక ఇత్తడి రంగు పళ్లని పొడిగుడ్డతో తుడిచి, జిప్పు సంచిలో పెట్టడం షరతు. ఒకసారి బోటు మూత కింద పడి యాంటెన్నా వైరు తెగింది. మా ఆయన అడగకుండానే కొత్తది కొన్నాడు. అమానత్ దానంతటది పాడైతే జమాన్ లేదు, కానీ నిర్లక్ష్యం ఉంటే ఉంది. అది నిర్లక్ష్యమేనని తనే ఒప్పుకున్నాడు.

బోటు ఉన్న ఇళ్లకి ఒక మాట. శాటిలైట్ రేడియో వినేదే గానీ మాట్లాడేది కాదు. దేశమంతా ఒకేసారి పలికే రేడియోకి మీ నెత్తి మీది మబ్బు సంగతి తెలియదు. బోటులో వీహెచ్ఎఫ్ రేడియో వేరుగా ఉండాలి. ఆపదలో 16వ చానెల్ మీద పిలిస్తే కోస్ట్‌గార్డ్ వింటుంది. వాతావరణం చెప్పే ప్రభుత్వ చానెళ్లు కూడా దాంట్లోనే వస్తాయి. ఒక ఆగస్టు మధ్యాహ్నం శాటిలైట్ రేడియోలో ఆస్ట్రోస్ బేస్‌బాల్ మ్యాచ్ హాయిగా సాగుతోంది, వీహెచ్ఎఫ్‌లో ఉరుముల హెచ్చరిక వచ్చింది. మావాళ్లు గాలాలు ఎత్తేసి ఒడ్డు చేరిన ఇరవై నిమిషాలకి బే అంతా తెల్లగా అయిపోయింది. అల్‌హమ్దులిల్లాహ్.

శాటిలైట్ రేడియో మా ఖాందాన్‌కి అమెరికాలోనే రాలేదు. కావలిలో మా అబ్బాజాన్ మర్హూమ్ దగ్గర వరల్డ్‌స్పేస్ సెట్ ఉండేది. అందులో స్పందన అని తెలుగు చానెల్ వచ్చేది. పాత హిందీ పాటలకి ఫరిష్తా. దాని ఉపగ్రహం ఏషియాస్టార్ 105 డిగ్రీల తూర్పున ఉండేది. కావలి నుంచి చూస్తే ఆగ్నేయం. యాంటెన్నాని సరిగ్గా అటే తిప్పి పెట్టాలి, చెయ్యి తగిలి కదిలితే గప్‌చుప్. కారులో పోతూ వినే మాటే లేదు. అబ్బా జానమాజ్ పడమరకి, రేడియో ఆగ్నేయానికి. "నీ రేడియోకి వేరే కిబ్లా ఉంది" అని అమ్మీ ఎగతాళి చేసేది.

అబ్బాజాన్ 2006 ఫిబ్రవరిలో అల్లాహ్ దగ్గరికి వెళ్లిపోయారు. కావలి ఇంట్లో అమ్మీ ఉండిపోయింది. ఇంటి ముందు రెండు దుకాణాలు, వాటి కిరాయి నెలకి 4,800 రూపాయలు. ఆ కిరాయి భాయ్‌జాన్ ఖాతాలో పడేది. అమ్మీ ఖర్చు ఆయనే చూసుకునేవారు, మందుల దగ్గర్నుంచి. అందులో ఏ లోటూ లేదు. కానీ ఇల్లు ఎవరిది, ఎవరికెంత అన్న మాట ఎవరూ ఎత్తలేదు. బంధువులు ఎత్తారు గానీ వేరే రకంగా. "ఆడపిల్లకి షాదీలో ఇచ్చారుగా, ఇంకేం ఉంటుంది" అని.

జహేజ్ వేరు, విరాసత్ వేరు. కూతురి హిస్సా అన్న దయతో ఇచ్చేది కాదు, నాన్న దయతో ఇచ్చేది కూడా కాదు. సూరా నిసాలో అల్లాహ్ పెట్టిన లెక్క. చెల్లెలు అడగలేదు కాబట్టి వదిలేసుకుంది అనుకోవడం మన ఇళ్లల్లో రివాజ్ అయిపోయింది. అడిగితే అన్న దూరమవుతాడని చెల్లెలి భయం. ఆ ఖామోషీని అందరూ మాఫీ కింద జమ కట్టుకుంటారు.

2007 రంజాన్‌లో ఒక శుక్రవారం ఇఫ్తార్‌కి వచ్చారు. తిన్నాక భాయ్‌జాన్ ఎప్పట్లాగే రేడియో బల్ల మీద పెట్టి, "ఈ నెల 6.48 మీది" అన్నారు. డబ్బు ఇచ్చి, నోట్‌బుక్ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఎడమ పేజీలో రేడియో లెక్క. కుడి పేజీలో పొద్దున నేను రాసింది: అబ్బాకి అప్పుల్లేవు, వసియ్యత్ లేదు. మొత్తం 24 హిస్సాలు. అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 3. మిగిలిన 21లో కొడుకుకి 14, కూతురికి 7.

భాయ్‌జాన్ చాలాసేపు చూశారు. "ఇది ఇప్పుడెందుకు?" అన్నారు.

"అర సెంటుకి హిసాబ్ ఉన్న ఇంట్లో దీనికీ ఉండాలి కదా భాయ్‌జాన్" అన్నాను. గొంతు వణికింది, కానీ అన్నాను.

ఆయన రేడియో బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయారు. ఆదివారం మేము ఇవ్వడానికి వెళ్తే భాభీ తలుపు తీసింది, ఆయన పైనుంచి దిగలేదు. మరుసటి శుక్రవారం వాళ్లు రాలేదు. రేడియో కూడా రాలేదు. మా ఆయన బోటు తియ్యలేదు, "పాట లేకుండా చేపలేం పడతాయి" అని ఏదో సాకు చెప్పాడు. ఏడు హిస్సాల కోసం ఉన్న ఒక్క అన్ననీ పోగొట్టుకున్నానా అని ఆ రాత్రి తరావీహ్‌లో కన్నీళ్లు ఆగలేదు.

రెండో శుక్రవారం ఇఫ్తార్‌కి పది నిమిషాల ముందు తలుపు కొట్టారు. చేతిలో రేడియో, దాంతో పాటు ఒక కాగితం. కూర్చుని ఖజూర్ తిని, నీళ్లు తాగి అప్పుడు మాట్లాడారు. డాలస్ రోడ్డు మీద రెండు వారాలు రేడియో పెట్టకుండా నడిపారట. దారిలో ఎవరో ఆలింకి ఫోన్ చేసి అడిగారట. "ఆయన కూడా నువ్వు రాసిన లెక్కే చెప్పాడు" అన్నారు.

కాగితంలో ఇలా ఉంది. అమ్మీ ఉన్నంతకాలం ఇల్లు అమ్మేది లేదు. 24 హిస్సాల లెక్క ముగ్గురం సంతకాలు చేసి రాసుకోవాలి. కిరాయి 4,800లో హిస్సాకి 200: అమ్మీకి 600, ఆయనకి 2,800, నాకు 1,400. దాని కింద ఇంకో వరస ఉంది. అబ్బా పోయినప్పట్నుంచి 20 నెలలు, 28,000. ఆ పాత బాకీ నేను అడగలేదు. ఆయనే కట్టి చూపించారు.

"ఇక్కడ అర పైసా మిగల్లేదు" అని ఆయనే నవ్వారు. భాభీ లోపలికి వెళ్లి ఏడ్చింది.

వరల్డ్‌స్పేస్ 2009 డిసెంబర్ 31న మన దేశంలో మూతపడింది. అంతవరకూ అమ్మీ ఆ సెట్‌ని ఆగ్నేయం కిటికీలోంచి కదపనివ్వలేదు. మా రోడీ కూడా 2008 చివర్లో పలకడం మానేసింది. అప్పటికి భాయ్‌జాన్ కొత్త కారులో రేడియో లోపలే వచ్చింది, వంతుల జరూరత్ తీరింది. అయినా శుక్రవారం ఖానా ఆగలేదు. ఇప్పుడు నెలకోసారి కావలి కిరాయి లెక్క చూసుకుంటాం. కిరాయి పెరిగింది, 24తో భాగిస్తే ప్రతిసారీ సరిగ్గా రాదు. మిగిలిన చిల్లర ఒక నెల ఎవరికి, మరుసటి నెల ఎవరికి అన్నది భాయ్‌జానే రాస్తారు, అదే నోట్‌బుక్‌లో.

మీ ఇంట్లో కూడా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఏదో ఒకటి పంచుకునే ఉంటారు. స్కూటరో, ఇన్వర్టరో, పొలం మోటారో. దానికి వంతులు ఎలా పడ్డాయో, లెక్క ఎవరు రాస్తున్నారో ఒకసారి చూడండి. ఆ లెక్క రాయగలిగిన చెయ్యి విరాసత్ లెక్కా రాయగలదు. జనాజా జరిగి నలభై రోజులు కాకముందే రాసేస్తే ఇంకా మంచిది. అప్పటికి ఎవరి మనసూ గట్టిపడి ఉండదు.