ఫతహ్ అనాలా, పతనం అనాలా?

ఉర్దూ మీడియం స్కూల్లో మేం తారీఖ్ చదివినప్పుడు ఒక ఖిలా చేతులు మారితే దాన్ని ‘ఫతహ్’ అనేవారు. తర్వాత నేను తెలుగులో డిగ్రీ చేశాను. అక్కడ అలాంటి రోజుకే ‘పతనం’ అని పేరు. చెవికి రెండు మాటలూ అక్కచెల్లెళ్ళలా వినిపిస్తాయి గానీ ఒక ఇంట్లో షాదీ, ఇంకో ఇంట్లో మాతం. మొన్న చలికాలం సెలవుల్లో ఇంటిల్లిపాదీ గండికోట వెళ్ళాం. ఈ రెండు మాటలూ నా వెంటే వచ్చాయి.

జమ్మలమడుగు దాటితే పదిహేను కిలోమీటర్లు. రెండువైపులా నల్లరేగడి, శనగ చేలు, నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన దడులు. ఎర్రమల కొండల్ని పెన్నా నిలువునా కోసుకుంటూ పోయిన చోట, ఆ గండి అంచున ఖిలా ఉంది. ఒకవైపు లోయే కందకం. మిగతా వైపుల ఎర్రరాతి గోడలు, బురుజులు. ఇనుప మేకులు దిగ్గొట్టిన పెద్ద దర్వాజా దాటితే లోపల ఖండహర్ మాత్రమే ఉంటుందనుకోకండి, ఊరుంది. మేకలున్నాయి, బట్టలారేసిన దండేలున్నాయి, బడికెళ్ళే పిల్లలున్నారు.

మాధవరాయస్వామి గుడి గోపురం నిలబడే ఉంది. గర్భగుడిలో విగ్రహం లేదు. కాస్త దూరంలో జామియా మసీదు. కుతుబ్‌షాహీ పద్ధతిలో రెండు మీనార్లు, విశాలమైన సెహన్, చుట్టూ కమాన్ల వరస. పక్కనే ధాన్యం గిడ్డంగి, కోనేరు. మసీదులో అజాన్ లేదు, గుళ్ళో గంట లేదు. రెండింటికీ ఇప్పుడు ఖిద్మత్ చేస్తున్నవి పావురాలూ, చిలకలే.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మసీదు మెట్ల మీద కూర్చుని అడిగింది: “అబ్బా, ఈ ఖిలాని గెలిచింది మనవాళ్ళా?”

బయట ఎవరైనా ఈ మాట అడిగితే బహస్‌కి దిగొచ్చు. సొంత బేటీ అడిగితే జవాబు చెప్పాలి.

చెప్పాను. 1650లో పెమ్మసాని నాయకుల నుంచి దీన్ని తీసుకున్నవాడు మీర్ జుమ్లా. ఇరాన్‌లోని అర్దిస్తాన్ వాడు, నూనె వర్తకుడి కొడుకు. వజ్రాల తిజారత్‌తో పైకొచ్చి గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షాకి వజీర్ అయ్యాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికొచ్చి అతన్ని కలిశాడు. తోపులు పోతపోయడానికి గుళ్ళలోని రాగి విగ్రహాల్ని తెప్పించి కరిగించారని తన సఫర్‌నామాలో రాశాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే ఇదే మీర్ జుమ్లా తన సుల్తాన్‌ని వదిలి మొగలుల పక్షాన చేరాడు. ఔరంగజేబు ఫౌజు గోల్కొండని ముట్టడించింది. 1663లో అస్సాం జంగ్ నుంచి తిరిగొస్తూ చనిపోయాడు.

“విగ్రహాలు కరిగించడం తప్పే కదా?” అంది.

“జుల్మే బేటా. చేసినవాడి పేరు మన పేర్లలా ఉన్నంత మాత్రాన జుల్మ్ ఇంకోటి అయిపోదు. అలాగే అతను చేసినదానికి నువ్వు జవాబుదారీ కూడా కాదు. ఎవరైనా నిన్ను నిలదీస్తే తలొంచుకోనక్కర్లేదు, అతన్ని వెనకేసుకు రానక్కర్లేదు.”

నాకు తెలిసిన ఇంకో సంగతి కూడా చెప్పాను. విజయనగరం ఫౌజులో ముస్లిం విలుకాళ్ళుండేవారు. గోల్కొండ కోటల్లో కాపలా కాసినవాళ్ళలో తెలుగు నాయక్‌వాడీలుండేవారు. దర్వాజాకి రెండువైపులా రెండు రకాల పేర్లూ ఉన్నాయి. మన దాదా పర్దాదాలు ఏ వైపు ఉండేవారంటే నా దగ్గర షజరా లేదు. ఉంటే గింటే వజీర్లయి ఉండరు. రాళ్ళు మోసేవాళ్ళో, దూది ఏకేవాళ్ళో, గుర్రాలకి గడ్డి వేసేవాళ్ళో అయ్యుంటారు. వజీర్ వచ్చాడు, వజ్రాలు పట్టుకుని వెళ్ళిపోయాడు. ఉండిపోయినవాళ్ళం మనం. మీర్ జుమ్లాతో మనకి రిష్తా ఉందో లేదో గానీ, ఈ నల్లరేగడితో ఉంది.

కడప జిల్లా సంగతి తెలిసినవాళ్ళకి ఇది వింతేం కాదు. ఉగాది రోజు దేవుని కడప గుళ్ళో ముస్లిం ఖాందాన్లు కనిపిస్తాయి, బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ అంటారు. పెద్ద దర్గాలో హిందువులు చాదర్ పట్టుకుని నిలబడతారు. ఆ మామూలు జిందగీకి ఫతహ్ అనే మాటా సరిపోదు, పతనం అనే మాటా సరిపోదు.

మీరూ పిల్లల్ని తీసుకెళ్ళండి. ఫజర్ అయ్యాక బయల్దేరితే ఎండ ముదరకముందే చూడొచ్చు. లోయ అంచున కటకటాలు లేని చోట చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. మసీదు చూపించి తిరిగొచ్చేయకండి, గుడి కూడా చూపించండి. ప్రశ్నలు వస్తాయి, రానివ్వండి. ఇంట్లో మనం ఇన్సాఫ్‌గా జవాబు చెప్పకపోతే, రేపు వాళ్ళ ఫోన్లో ఎవరో ఒకరు నఫ్రత్ కలిపి చెప్తారు.

జమ్మలమడుగులో జుహర్ చదివి కారెక్కాం. అమ్మాయి నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటోంది. 1650 అని వేసి, దాని ఎదురుగా ఫతహ్ అని గానీ పతనం అని గానీ రాయలేదు. ‘చేతులు మారింది’ అని రాసింది.