తలకి 8,550

పోయిన ఆషాఢంలో జరిగిన సంగతి ఇది. అప్పుడే చెప్పేద్దామనుకున్నా గానీ, తప్పు నాదే కదా, చెప్పుకోడానికి కాస్త టైం పట్టింది.

మేం ఐదుగురం. మార్కాపురంలో ఇంటర్ కలిసి చదివాం, ఒకే హాస్టల్ గదిలో. పేర్లెందుకులెండి, అప్పట్లో మేం ఒకర్నొకరం ఊళ్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. మార్కాపురం, కంభం, గిద్దలూరు, దొనకొండ, తర్లుపాడు. తర్లుపాడు నేను. ఇంజనీరింగ్ అయ్యాక బెంగళూరులో పడ్డా, ఆరేళ్లయింది. కంభం హైదరాబాదులో టెస్టింగు చేస్తుంది. దొనకొండ ఒంగోలులో బ్యాంకు ఉద్యోగం. గిద్దలూరు వాళ్లూర్లోనే ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇక మార్కాపురానికి శ్రావణంలో పెళ్లి కుదిరింది.

అబ్బాయి, వాళ్ల స్నేహితులు గోవా పోయొచ్చారు. ఎవర్నీ అడగలేదు. భోజనాల దగ్గర వాళ్ల నాన్నే నవ్వుకుంటూ చెప్పాడంట, "మావాడు బ్యాచిలర్ పార్టీ అని తగలేసొచ్చాడు" అని. అది విని మార్కాపురం నాకు ఫోన్ చేసి "మరి మనమో?" అంది. అంతే, నాకు పూనకం వచ్చేసింది.

ఇలాంటి వాటికి సొంతంగా ఆలోచించే అలవాటు మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఎక్కడుంది? ఎవరో రాసింది కాపీ కొట్టడమే. మా టీంలో ఒకమ్మాయి ఆన్‌సైట్‌లో ఉండగా అక్కడి కొలీగ్ పెళ్లికి ముందు ఆడపిల్లలందరూ కలిసి నాష్‌విల్ పోయారు. టెన్నెసీ రాష్ట్రంలో కంట్రీ మ్యూజిక్‌కి పేరుమోసిన ఊరది. బ్రాడ్‌వే అనే వీధి పొడుగూతా పాటలు పాడే బార్లు. శని ఆదివారాలొస్తే కౌబాయ్ టోపీలు, బూట్లు వేసుకున్న పెళ్లికూతుళ్లూ వాళ్ల స్నేహితురాళ్లూ రోడ్డు నిండా కనపడతారంట. సైకిల్ లాగా తొక్కుకుంటూ పోయే బార్ బండ్లు కూడా ఉంటాయి. ఆ ట్రిప్పుకి వాళ్లు వేసుకున్న ఎక్సెల్ షీటు ఈ పిల్ల దగ్గరుంది. అడిగి తీసుకున్నా. పెళ్లికూతురు ఖర్చు మిగతావాళ్లు పంచుకోవాలి అనే రూలుతో సహా దించేశా. కోడ్ రివ్యూలో జూనియర్లు ఇలా చేస్తే మనం ఎంత క్లాసు పీకుతాం!

హోటల్లో రెండు గదులు 12,000. పబ్బులో టేబులు 10,000. ఒకే రంగు టీషర్టులు, పెళ్లికూతురికి మెళ్లో పట్టీ, బెలూన్లు 4,200. తిండి, క్యాబులు 8,000. మొత్తం 34,200, బై నాలుగు, తలకి 8,550. రైలు ఖర్చు ఎవరిది వాళ్లది. గ్రూపులో పెట్టేశా. కంభం బొటనవేలు ఎత్తింది. దొనకొండ రెండు వేళ్లు ఎత్తింది.

గిద్దలూరు చూసినట్టు చూపించింది గానీ ఏం అనలేదు. మర్నాడు పొద్దున "యూనిట్ టెస్టు పేపర్లు దిద్దాలే, నాకు కుదరదేమో, మీరు పోయి రాండి" అని మెసేజ్.

నేను నమ్మా. నమ్మి, "సరే, అయితే బై త్రీ చేస్తా" అని షీటు మార్చబోయా కూడా. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు మండుతుంది నా మీద నాకే. అప్పుడు దొనకొండ ఫోన్ చేసి ఒకటే మాట అడిగింది. "దానికి జీతమెంతో తెలుసా నీకు?"

తెలీదు. పదేళ్ల స్నేహంలో అడగలేదు. 12,000 అంట.

ఆ రాత్రి గిద్దలూరుకి ఫోన్ చేశా. అదీ ఇదీ మాట్లాడి, నీళ్లు నమిలి, చివరికి "నీ వాటా నేను పెడతాలే" అన్నా. పెద్ద ఔదార్యం అనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు అది. తర్వాత మెల్లగా, "మూడు వారాలు గొంతు పోయేట్టు చెప్తే వచ్చే డబ్బులే అవి. రెండు రోజులకి పెట్టమంటే నాకు చేతులు రావు. నువ్వు పెడితే మాత్రం, యాడన్నా గట్టిగా నవ్వాలన్నా నీ మొహం చూసి నవ్వాలి గదా" అంది.

కోపంగా అన్లేదు. కోపంగా అనుంటే బావుండేది.

నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలా. మా నాన్న పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించేవాడు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరాలు ఎన్నో ఉన్నాయి గానీ, ఆ పలక తయారుచేసిన ఇళ్లల్లో నెలాఖరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంటర్లో ఎక్స్‌కర్షన్ అంటే కడుపునొప్పి అని చెప్పి మానేసిన దాన్ని నేను. ఆరేళ్ల జీతం నన్ను ఇంత మొద్దుని చేసిందా అనిపించింది. రెస్టారెంట్లో బిల్లు రాగానే "ఈక్వల్‌గా స్ప్లిట్ చేసేద్దాం" అనడం మనకి ఎంత అలవాటై పోయిందంటే, అదే న్యాయం అనుకుంటాం. నలుగురి జీతాలూ ఒకటే అయినప్పుడే అది న్యాయం.

సరే, షీటు మొత్తం తీసేశా. గ్రూపులో మార్కాపురాన్నే అడిగా, "అసలు నీకేం కావాలే?" అని. (ఈ ప్రశ్న మొదటే అడగాలి. రిక్వైర్‌మెంట్స్ తీసుకోకుండా డిజైన్ మొదలుపెట్టిన మహానుభావుల్లో నేనొకదాన్ని.) తను చాలాసేపు టైప్ చేసి, తీసేసి, మళ్లీ టైప్ చేసి రాసింది. "రాత్రి పదకొండప్పుడు రోడ్డు మీద ఊరికే నడవాలని ఉందే. ఏం పని లేకుండా."

దానికి పబ్బులో టేబులెందుకు? స్యాష్ ఎందుకు?

హోటల్ కొట్టేశా. మా ఫ్లాట్‌లో నాతో ఉండే ఇద్దరూ ఆ వారం ఊళ్లకి పోతున్నారు, చాపలూ దుప్పట్లూ ఉన్నాయి. టీషర్టులు పోయాయి. క్యాబుల బదులు మెట్రో, సిటీ బస్సు.

ఇక ఇంట్లో పర్మిషన్. బ్యాచిలరెట్ అనే మాట మార్కాపురంలో వాళ్లమ్మగారి దగ్గర అనే ధైర్యం ఎవరికీ లేదు. ఒకసారి పెళ్లికూతుర్ని చేశాక ఊరి పొలిమేర దాటనివ్వరు, కాబట్టి ఏదైనా ముందే అవ్వాలి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, పైగా చీరల మీద తగ్గింపులు. చిక్‌పేటలో పట్టుచీరలు చవక అని నేనే ఫోన్లో చెప్పా. "చీరలకి నలుగురెందుకే?" అంది పెద్దమ్మ. నాకు నోట మాట రాలా. ఆవిడే మళ్లీ, "పోయిరాండి. రాత్రిపూట మాత్రం ఫోన్ చెయ్యబాకండి, మీ పెద్దనాయన లేస్తాడు" అంది. చీరల జాబితాతో పాటు విడిగా రెండు వేలు మడిచి కూతురి పర్సులో పెట్టిందంట. ఆవిడకి ఎంత అర్థమైందో నేనిప్పటికీ అడగలేదు. అబ్బాయి గోవాకి ఏ చీరల అబద్ధమూ అక్కర్లేకపోయింది, అది మాత్రం నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

శుక్రవారం రాత్రి ప్రశాంతిలో మార్కాపురం రోడ్డులో ఇద్దరెక్కారు, గిద్దలూరులో మూడోది. స్లీపర్ టికెట్లు ముందే తీశాం కాబట్టి సరిపోయింది. దిగువమెట్ట దాటాక నల్లమలలో సిగ్నల్ పోయేదాకా గ్రూపులో ఒకటే గోల. కంభం హైదరాబాదు నుంచి బస్సులో వచ్చింది. శనివారం మధ్యాహ్నానికి ఐదుగురం మా ఇంట్లో నేల మీద కూర్చుని దొనకొండ తెచ్చిన గోంగూర పచ్చడితో అన్నం తింటున్నాం.

సాయంత్రం చిక్‌పేటలో రెండు గంటలు, అబద్ధం నిజం చెయ్యాలి కదా. పెద్దమ్మ జాబితాలో మూడు చీరలూ గిద్దలూరే బేరమాడింది. ఆ పిల్ల గొంతు ముందు షాపాయన నిలబడలేకపోయాడు. స్కూల్లో నలభైమందిని కూర్చోబెట్టే గొంతది. రాత్రి ఎంజీ రోడ్డులో మెట్రో దిగి చర్చ్ స్ట్రీట్, బ్రిగేడ్ రోడ్డు, మళ్లీ చర్చ్ స్ట్రీట్. ఒక పబ్బు బయట నిలబడి లోపలి పాట విన్నాం కాసేపు. కార్నర్ హౌస్‌లో డెత్ బై చాక్లెట్ రెండు తెప్పించి ఐదు స్పూన్లు అడిగాం. పేరు వినగానే "పెళ్లి పెట్టుకోని డెత్ ఏందే, శుభమా అని" అంది కంభం.

పదకొండుంబావు అయ్యుంటుంది. మార్కాపురం ముందు నడుస్తోంది, చెప్పులు చేతిలో పట్టుకుని. మాటల్లేవు. ఎనిమిది దాటితే ఇంటి నుంచి ఫోనొచ్చే పిల్ల. ఆ రాత్రి ఫోను మోగలేదు. బెంగళూరు ఆడపిల్లలకి స్వర్గమని నేను అనను, వెనకాల బైకుల మీద కూతలు పెట్టినవాళ్లు మాకూ తగిలారు. ఐదుగురం కాబట్టి తిరిగి నిలబడ్డాం. ఒక్కదాన్నే ఉన్నప్పుడు నేనూ తల దించుకునే నడుస్తా. మార్కాపురానికి ఆ ముక్క చెప్పలేదు.

ఆదివారం పొద్దున గాంధీ బజార్లో విద్యార్థి భవన్ ముందు గంట సేపు క్యూ. 1943 నుంచి నడుస్తున్న హోటలు, దోశకి ఆ మాత్రం నిలబడొచ్చు. అక్కణ్ణుంచి లాల్‌బాగ్. ఆ పెద్ద బండరాయి ఎక్కి కూర్చున్నాం. పెళ్లయ్యాక పూణే పోవాలి, అక్కడ కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, అత్తగారు ఎలాంటిదో అని అప్పటిదాకా దాచుకున్న భయాలన్నీ అక్కడ బయటకొచ్చాయి. కాసేపు ఏడ్చింది. గిద్దలూరు తన చున్నీ ఇచ్చింది తుడుచుకోమని. మేం ముగ్గురం సలహాలిచ్చాం, గిద్దలూరు ఒక్కటే ఏం సలహా ఇవ్వలేదు. మార్కాపురం దాని ఒళ్లోనే తల పెట్టుకుని పడుకుంది.

అది రాకుండా బై త్రీ చేసుంటే?

రాత్రి బస్సు దగ్గర గిద్దలూరు లెక్క అడిగింది. మెట్రో, సిటీ బస్సు, దోశలు, ఐస్‌క్రీం, కూరగాయలు, అన్నీ తనే ఒక చీటీ మీద రాసుకుంది. ఊరికి ఎవరి టికెట్టు వాళ్లే. మార్కాపురం తన వాటా తనే ఇస్తానని పట్టుబట్టింది, కాబట్టి బై ఫైవ్. తలకి 840 తేలింది. గిద్దలూరు ఐదొందల నోటు, మూడు వందలు, ఒక యాభై తీసి నా చేతిలో పెట్టింది.

"పది ఇవ్వవే" అంది.

నా దగ్గర చిల్లర లేదు. పక్కన బడ్డీకొట్లో వాటర్ బాటిల్ కొని మార్చి, పది రూపాయలు తెచ్చిచ్చా. పర్సులో పెట్టుకుని బస్సెక్కింది.

పెళ్లికి కూడా వచ్చింది. దాని నవ్వు మండపం చివరిదాకా వినపడింది.